వెనక నుంచి తూటా పెట్టే తుపాకీ రావడానికి అన్ని వందల ఏళ్ళు ఎందుకు పట్టింది?

తాండవ_ఒడ్డు:

మా మావయ్య ఆర్మీ నుంచి వచ్చేసాక ఒక బ్యాంకులో గార్డుగా చేస్తున్నారు, గన్ను ఆయన సొంతదే, డబుల్ బ్యారెల్ ట్వెల్వ్ బోర్, లైసెన్స్ పుస్తకంలో డీబీబీఎల్ అని రాసి ఉంటుంది. మొన్న ఆదివారం దాన్ని శుభ్రం చేస్తుంటే పక్కనే కూర్చుని చూసాను. పైన ఉన్న చిన్న లివర్‌ని బొటనవేలితో పక్కకి నెట్టగానే గొట్టాలు రెండూ ముందుకి వాలిపోయాయి, వెనక రెండు గుండ్రటి కన్నాలు, కన్ను ఆనించి చూస్తే అటు చివర్నుంచి వెలుతురు కనబడింది. తూటా పెట్టాలంటే ఆ కన్నంలో పెట్టి మూసేయడమే, రెండు సెకన్ల పని.

మా అమ్మమ్మ గారి ఊరు నర్సీపట్నం అవతల. చిన్నప్పుడు అటు ఏజెన్సీ ఊళ్ళల్లో చూసిన నాటు తుపాకీ ఇలా ఉండేది కాదు. దానికి వెనకంతా మూసుకుపోయి ఉంటుంది, మందు, గుడ్డ పీలిక, రవ్వలు ఏదైనా సరే మూతి లోంచే పోసి పొడవాటి ఇనప కడ్డీతో దట్టించాలి, ఒక్కసారి పేలిస్తే మళ్ళీ మొదటికి.

నా డౌట్ ఏంటంటే, వెనక నుంచి పెట్టడం ఇంత సుఖంగా ఉంటే మరి అన్ని వందల ఏళ్ళు సైన్యాలన్నీ ఎందుకు మూతి నుంచి దట్టించుకుంటూ కూర్చున్నాయి? ఎవరికీ ఐడియా రాలేదా, లేక ఐడియా వచ్చినా చెయ్యడం చేతకాలేదా, లేక డబ్బు సమస్యా? ఇంకోటి, దీని వల్ల వచ్చిన లాభం స్పీడ్ ఒక్కటేనా? నెట్‌లో చూస్తే అన్నీ మోడల్ నంబర్లే తప్ప కారణం సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి ప్లీజ్.

పాత_ఇనుము:

మంచి ప్రశ్న అండీ, నాకు చాలా ఇష్టమైన టాపిక్ కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ఐడియా రాకపోవడం కాదు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కోసం 1537లో చేసిన తుపాకీ ఒకటి ఇప్పటికీ అక్కడి రాయల్ ఆర్మరీస్ కలెక్షన్‌లో ఉంది, వెనక చిన్న మూత పైకి లేస్తుంది, లోపల ముందే మందు నింపి పెట్టుకున్న ఇనప గొట్టం పెట్టి మూసేస్తారు. అంటే మనకి కృష్ణదేవరాయలు పోయిన కొన్నేళ్ళకే అక్కడ రాజుగారి చేతిలో బ్రీచ్ లోడర్, అంటే వెనక నుంచి నింపే తుపాకీ, ఉంది. ఓడల మీద చిన్న ఫిరంగుల్లో ఐతే అంతకంటే ముందే ఉంది.

ఆగిపోయింది ఎక్కడంటే గ్యాస్ దగ్గర. మందు పేలినప్పుడు వచ్చే గ్యాస్ గుండుని ముందుకి తోసినంత బలంగానే వెనక్కీ తోస్తుంది. మూతి తుపాకీకి వెనక వైపు ఇనప దిమ్మ మరతో బిగించేసి ఉంటుంది, అది కదలదు, లీక్ లేదు. వెనక తెరిచి మూసే ఏర్పాటు పెట్టారంటే ఆ మూతకీ గొట్టానికీ మధ్య ఎంతో కొంత సందు ఉండి తీరుతుంది. ప్రెషర్ కుక్కర్‌కి గాస్కెట్ తీసేసి స్టవ్ మీద పెడితే ఏమౌతుందో అదే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే ఆవిరి బదులు నిప్పు, అదీ పేల్చేవాడి కంటికి జానెడు దూరంలో. గుండుకి అందాల్సిన బలం కూడా ఆ సందులోంచే పోతుంది. పైగా నల్ల మందు కాలాక మసి బాగా వదుల్తుంది, నాలుగైదు సార్లు పేల్చేసరికి ఆ మూత మసి పట్టేసి తెరుచుకోదు. ఆ రోజుల్లో ప్రతి ముక్కా ఆకురాయితో చేత్తో అరగదీసి అమర్చేవాళ్ళు, రాజుగారికి ఒకటి చెయ్యగలరు కానీ లక్షమంది సైనికులకి అంత నున్నగా అతుక్కునేలా ఎవరు చేస్తారు, ఆ ఖర్చు ఎవరు పెడతారు.

దీన్ని గెలవడానికి జనం ఎన్ని తిప్పలు పడ్డారో చూస్తే ముచ్చటేస్తుంది. ప్యాట్రిక్ ఫెర్గూసన్ అని స్కాట్లండ్ ఆఫీసర్, ఈయన ట్రిగ్గర్ గార్డుకి నిలువుగా ఒక పెద్ద మర బిగించాడు, గార్డుని ఒక్క చుట్టు తిప్పితే మర కిందకి దిగి గొట్టం పైన కన్నం తెరుచుకుంటుంది, గుండు వేసి మందు పోసి మళ్ళీ ఒక చుట్టు తిప్పితే మూసుకుంటుంది. మసి పట్టకుండా ఆ మర మీద గాడులు కూడా కోయించాడు. 1776 జూన్ 1న లండన్ దగ్గర ఊలిచ్‌లో పెద్ద ఆఫీసర్ల ముందు వానలో, గాలిలో నిలబడి నిమిషానికి 4 చొప్పున పేల్చి చూపించాడు, ఒక నిమిషంలో 6 కూడా పేల్చాడు, నడుస్తూ పేల్చాడు, తుపాకీలో నీళ్ళు పోసి అర నిమిషంలో దాన్ని మళ్ళీ పేలేలా చేసాడు. అప్పటి మామూలు మస్కెట్, అంటే సైనికుల మూతి తుపాకీ, వానలో తడిస్తే ఇక ఇనప కర్రతో సమానం. ఇంత చూపించినా తయారైనవి సుమారు వంద మాత్రమే. చెక్క భాగం ఆ మర కన్నం దగ్గర సన్నబడిపోయి విరిగిపోయేది, ఒక్కోదానికి ఖర్చూ ఎక్కువే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777 సెప్టెంబర్‌లో బ్రాండీవైన్ దగ్గర ఆయన మోచేయి నుజ్జయింది, 1780లో కింగ్స్ మౌంటెన్ దగ్గర చనిపోయాడు. ముందుండి నడిపించేవాడే పోయాక ఆ తుపాకీని పట్టించుకున్న నాథుడు లేడు.

తర్వాత అమెరికాలో జాన్ హాల్ 1811లో పేటెంట్ తీసుకున్న రైఫిల్‌ని 1819లో వాళ్ళ ఆర్మీ తీసుకుంది, హార్పర్స్ ఫెర్రీలో మెషిన్ల మీద ఒకదాని ముక్క ఇంకోదానికి సరిపోయేలా చేయించాడు, అదొక గొప్ప పని. అయినా గ్యాస్ లీక్ మాత్రం వదల్లేదు. ప్రష్యాలో (అప్పటి జర్మన్ రాజ్యాల్లో పెద్దది) డ్రైజె చేసిన సూది తుపాకీ 1841లో వచ్చింది, దాని గురించి ఇంకెవరైనా రాస్తారనుకుంటా, దానిక్కూడా లీకే. ఫ్రాన్స్ వాళ్ళ షాస్పో 1866లో వచ్చింది, బోల్ట్ (వెనక మూసే గడియ) మూతికి రబ్బరు రింగు తొడిగారు, పేలినప్పుడు రబ్బరు నొక్కుకుని సందు మూసేస్తుంది. మంచి ఉపాయమే కానీ వేడికి రబ్బరు పాడైపోతుంది, సైనికుడు స్పేర్ రింగులు దగ్గర పెట్టుకోవాలి.

అసలు సమాధానం తుపాకీలో కాదు, తూటాలో దొరికింది. ఇత్తడి తొడుగు. మందు, గుండు, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న క్యాప్, మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో. పేలగానే ఆ పల్చటి ఇత్తడి ఉబ్బి గొట్టం గోడకి అతుక్కుపోతుంది, గ్యాస్ వెనక్కి రావడానికి దారే ఉండదు, ఒత్తిడి తగ్గగానే ఇత్తడి తన సాగే గుణం వల్ల కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి ఖాళీ తొడుగు బయటికి లాగేయొచ్చు. అంటే ప్రతి పేలుడికీ కొత్త గాస్కెట్ వాడి పారేస్తున్నారన్నమాట. 1812లోనే పారిస్‌లో పౌలీ అనే స్విస్ ఆయన ఇలాంటి తూటాకి పేటెంట్ తీసుకున్నాడు, కానీ పల్చటి ఇత్తడిని లక్షల్లో ఒకే కొలతకి వత్తే మెషిన్లు, నమ్మకంగా పేలే క్యాప్‌లు రావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. మీ మావయ్య గారి తూటా చూడండి, ఇప్పుడు ప్లాస్టిక్ ఒళ్ళైనా అడుగున ఇత్తడి రంగు టోపీ ఉంటుంది కదా, మధ్యలో చిన్న క్యాప్, వంశం అదే.

కాబట్టి మీరు అడిగిన మూడింటిలో రెండోది కరెక్ట్, మూడోది దానికి తోడు.

బోల్ట్_యాక్షన్:

పాత_ఇనుము గారు తయారీ వైపు చాలా బాగా రాసారు. నేను వాడే మనిషి వైపు నుంచి చెప్తా, ఎందుకంటే అందరూ నిమిషానికి ఎన్ని అనేదే పట్టుకుంటారు, నా లెక్కలో మాత్రం అసలు లాభం పడుకుని లోడ్ చెయ్యగలగడం.

మూతి తుపాకీ లోడ్ చెయ్యడం ఊహించుకోండి. తుపాకీ నిలువుగా నిలబెట్టాలి, దాని పొడవు మనిషి భుజం దాకా ఉంటుంది, కాగితం తూటా పళ్ళతో చింపాలి, మందు పొయ్యాలి, గుండు పెట్టాలి, కడ్డీ లాగి దట్టించి మళ్ళీ కడ్డీ దాని గాడిలో పెట్టాలి, క్యాప్ తొడగాలి, అప్పుడు గురి. బాగా డ్రిల్ చేసిన సైనికుడు నిమిషానికి రెండు మూడు పేలుస్తాడు. ఇదంతా చెయ్యాలంటే నిలబడే ఉండాలి, కష్టం మీద మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యొచ్చు. అవతలివాడి తుపాకులకి ఎదురుగా, దాక్కోడానికి లేకుండా. వెనక తెరుచుకునే తుపాకీ ఐతే పొలం గట్టు వెనక బోర్లా పడుకుని తల కూడా ఎత్తకుండా మళ్ళీ మళ్ళీ పేల్చుకోవచ్చు. దానివల్ల సైన్యాలు నిలబడే తీరే మారిపోయింది, భుజం భుజం ఆనించుకుని వరసలు కట్టడం అనేది అక్కడి నుంచే నెమ్మదిగా పోయింది.

డ్రైజె సూది తుపాకీలో కాగితం తూటా లోపల క్యాప్ గుండు అడుగున ఉంటుంది, అందుకని పొడవాటి సూది మందు మొత్తాన్ని చీల్చుకుంటూ పోయి దాన్ని పొడవాలి. ఆ సూది మంటల్లోనే ఉండిపోతుంది కాబట్టి తుప్పు పట్టి విరిగేది, స్పేర్ సూదులు ఇచ్చేవాళ్ళు. వెనక నుంచి గ్యాస్ మొహానికి కొడుతుందని కొంతమంది నడుము దగ్గర పెట్టుకుని పేల్చేసేవాళ్ళు. ఇన్ని లోపాలున్నా ఏం చేసిందో చూడండి. 1864 జూలై 3న డెన్మార్క్‌లో లుండ్‌బీ అనే పల్లె దగ్గర డేన్స్ పాత పద్ధతిలో బాయ్‌నెట్లు (తుపాకీ మూతికి బిగించే కత్తులు) పట్టుకుని వరసగా దూసుకొచ్చారు, అవతల 124 మంది ప్రష్యన్లు గట్టు చాటున ఉన్నారు. కాసేపట్లో వచ్చినవాళ్ళలో సగానికి దగ్గరగా పడిపోయారు, ప్రష్యన్లలో ముగ్గురికి గాయాలు. సరిగ్గా రెండేళ్ళకి అదే జూలై 3న, 1866లో, కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ఆస్ట్రియాకీ అదే గతి పట్టింది. ఆస్ట్రియా వాళ్ళ లోరెంజ్ రైఫిల్ మూతి నుంచి దట్టించేదే అయినా దూరానికి డ్రైజె కంటే బాగా కొట్టేది, ఇది చాలామందికి తెలీదు. కానీ వాళ్ళ జనరళ్ళు బాయ్‌నెట్ దాడినే నమ్ముకుని మనుషుల్ని గుంపులుగా అడవిలోకి తోలారు, దగ్గరికి వచ్చాక దూరం కొట్టే గొప్ప ఎందుకూ పనికిరాలేదు. ఆ ఒక్క రోజులో ఆస్ట్రియా వైపు, బందీలతో కలిపి, సుమారు 44 వేల మంది పోయారు, ప్రష్యా వైపు 9 వేల మంది.

ఐతే గెలుపంతా తుపాకీదే అని రాసేస్తుంటారు కొందరు, అది నేను ఒప్పుకోను. రైళ్ళ మీద సైన్యాన్ని చకచకా చేర్చడం, ప్రష్యా సేనాని మోల్ట్కే ప్లాను, ఇవి లేకపోతే ఆ తుపాకులు అక్కడ ఉండేవే కావు. ఫిరంగుల్లో ఆ రోజు ఆస్ట్రియాదే పైచెయ్యి.

ఇంకో సంగతి, ప్రష్యా దీన్ని 1841లో తీసుకుంటే యూరప్‌లో మిగతా పెద్ద దేశాలు పాతికేళ్ళు చూస్తూ ఎందుకు ఊరుకున్నాయంటే, ఆఫీసర్ల భయం. త్వరగా పేల్చగలిగితే సైనికుడు కంగారులో తూటాలన్నీ తగలేసి చేతులు ఊపుకుంటూ నిలబడతాడు, అన్ని తూటాలు ఎవడు మోసుకొస్తాడు అని. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. కోనిగ్‌గ్రాట్జ్ తర్వాత మాత్రం రెండు మూడేళ్ళలో యూరప్ అంతా పరుగులు పెట్టింది.

తాండవ_ఒడ్డు:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. పడుకుని లోడ్ చెయ్యడం అనే కోణం అస్సలు తట్టలేదు. ఫిరంగుల మాట వచ్చింది కాబట్టి ఇంకో ప్రశ్న, గోల్కొండ మీద పెట్లా బుర్జు దగ్గర ఫతే రహబర్ ఫిరంగి చూసాను, అదీ మూతి నుంచి దట్టించేదే కదా. చేతి తుపాకీలకంటే ముందే ఓడల మీద వెనక నుంచి పెట్టేవి ఉన్నాయన్నారు, మరి పెద్ద ఫిరంగులకి ఎందుకు రాలేదు?

విశాఖ_డాక్‌యార్డ్:

ఇది నా ఏరియా కాబట్టి చెప్తా. ఓడల మీద చిన్న ఫిరంగులు అంటే పోర్చుగీసు వాళ్ళు బెర్సో అనేవాళ్ళు, కట్ట మీద ఇరుసుకి బిగించి అటూ ఇటూ తిప్పుకునేవి. వెనక ఒక తొట్టిలా ఉంటుంది, మందు నింపిన ఇనప చెంబు లాంటిది అందులో కూర్చోబెట్టి వెనక సీల కొట్టి బిగిస్తారు, అలాంటి చెంబులు ముందే నాలుగైదు నింపి పెట్టుకుంటే చకచకా పేల్చొచ్చు. 1500ల మొదట్లో వాస్కో డ గామా వెనకాలే వచ్చిన ఓడలతో ఇవి మన సముద్రాల్లోకి వచ్చేసాయి, చైనా వాళ్ళు కూడా పోర్చుగీసు వాళ్ళని చూసి బాగా చేసుకున్నారు. 1520లో రాయచూరు దగ్గర రాయల వారికి సాయంగా క్రిస్తోవావ్ ద ఫిగేరెదో మనుషులు వాడినవి మాత్రం ఒత్తితో పేల్చే మూతి తుపాకులే, కలిపేసుకోకండి.

చిన్న ఫిరంగికి మందు తక్కువ, కాస్త లీకైనా నడిచిపోతుంది. ఫతే రహబర్ లాంటి దానికి పట్టే మందుకి ఆ సీల తట్టుకోదు, ఎగిరొచ్చి వెనకున్నవాళ్ళనే చంపుతుంది. అందుకే గొట్టం మొత్తం ఒకే పోతగా పోసి వెనక దిమ్మలా వదిలేసేవాళ్ళు. ఇప్పటికీ హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అని పేరు మిగిలిపోయిన చోట నిజాం కోసం ఫ్రెంచి సేనాని రేమండ్ పోయించినవీ అలాంటివే.

1859లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇంగ్లీషు ఇంజనీర్ పెద్ద ఫిరంగికి వెనక మూత పెట్టి చూపించాడు, బ్రిటిష్ నేవీ ఎగబడి తీసుకుంది. 1863లో జపాన్‌లో కగోషిమా మీద కాల్పుల్లో ఆ మూతలు కొన్ని ఊడి ఎగిరిపోయాయి. దాంతో భయపడి బ్రిటన్ మళ్ళీ మూతి నుంచి దట్టించే ఫిరంగులకే వెళ్ళిపోయింది. ప్రపంచంలో అంత పెద్ద నేవీ వెనక్కి పోయింది చూడండి, అదే టైములో జర్మనీలో క్రుప్ ఉక్కు ఫిరంగులు వెనక నుంచే లోడ్ చేస్తూ 1870లో ఫ్రాన్స్‌ని సెడాన్ దగ్గర చుట్టుముట్టి కొట్టాయి. ఫ్రెంచి వాళ్ళ చేతి తుపాకీ షాస్పో జర్మన్ల దాని కంటే రెట్టింపు దూరం కొట్టేది, సెయింట్ ప్రివా దగ్గర ప్రష్యన్ గార్డ్స్ దళం గాయపడ్డవాళ్ళతో కలిపి దాదాపు 8 వేల మందిని పోగొట్టుకుంది దానివల్లే, కానీ ఫ్రెంచి ఫిరంగులు మూతి నుంచి దట్టించే కంచువి.

బ్రిటన్ కళ్ళు తెరిపించింది థండరర్ అనే యుద్ధనౌక. 1879 జనవరి 2, మర్మరా సముద్రంలో ప్రాక్టీస్. టరెట్‌లో (ఫిరంగులుండే తిరిగే గదిలో) 12 అంగుళాల ఫిరంగులు రెండు పక్కపక్కన, రెండూ కలిపి పేల్చారు, ఒకటి పేలలేదు. రెండో దాని చప్పుడు, పొగ, అదురు వల్ల అది పేలలేదన్న సంగతే ఎవరూ గమనించలేదు. మెషిన్ మీద దట్టించే ఏర్పాటు కాబట్టి చేతికి కూడా తేడా తెలియలేదు, ఉన్న మందు మీద ఇంకో మందు, ఉన్న గుండు మీద ఇంకో గుండు ఎక్కించి పేల్చారు. ఫిరంగి బద్దలైపోయి 11 మంది చచ్చిపోయారు, ఇంకో ముప్పై మందికి పైగా గాయాలు. కారణం మీద వాదన తెగకపోతే దాని జత ఫిరంగిని ఊలిచ్ తీసుకెళ్ళి కావాలనే రెండుసార్లు నింపి పేల్చి చూసారు, అచ్చం అలాగే పగిలింది. మీరు మావయ్య గారి గన్ను గొట్టంలోంచి వెలుతురు చూసినట్టు, వెనక తెరుచుకునే ఫిరంగి ఐతే లోపల ఏముందో తెరవగానే కనబడేది, ఆ 11 మంది బతికేవాళ్ళు. 1880ల మొదటికల్లా వాళ్ళూ మారిపోయారు.

పాత_ఇనుము:

థండరర్ సంగతి రాసినందుకు థాంక్స్ బ్రదర్. చేతి తుపాకుల్లో కూడా ఇదే జరిగేది. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం అయ్యాక మైదానంలో ఏరిన తుపాకులు 27 వేల పైచిలుకు, అందులో 24 వేల దాకా నింపి ఉన్నవే, వాటిలో సగం దాకా రెండేసి సార్లు నింపినవి, ఒకదాంట్లో ఐతే 23 మందులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయని వాళ్ళ ఆయుధ శాఖ లెక్క. కుర్రాళ్ళు, చుట్టూ పొగ, చెవులు పనిచెయ్యవు, క్యాప్ పెట్టడం మర్చిపోయి ట్రిగ్గర్ నొక్కి, పేలిందనుకుని మళ్ళీ దట్టించి... తల్చుకుంటే బాధేస్తుంది. వెనక నుంచి పెట్టేదాంట్లో రెండో తూటా పట్టదు, అంతే.

కొండదారి:

అందరూ యూరప్ గురించే రాసారు, మన వైపు సంగతి నేను రాస్తా.

1857 అంటే అందరికీ తెలిసింది కొవ్వు పూసిన తూటాలు. ఆ ఎన్‌ఫీల్డ్ 1853 మోడల్ రైఫిల్ మూతి నుంచి దట్టించేదే, కాగితం తూటాని పళ్ళతో చింపాలి కాబట్టే ఆవు కొవ్వా పంది కొవ్వా అన్న గొడవ నోటి దాకా వచ్చింది. తిరుగుబాటుకి కారణాలు చాలానే ఉన్నాయి, ఇదొక్కటే అనడం లేదు. కానీ తొమ్మిదేళ్ళ తర్వాత, 1866లో, అదే ఎన్‌ఫీల్డ్ వెనక రెండు అంగుళాలకి పైగా కోసేసి పక్కకి తెరుచుకునే మూత పెట్టి స్నైడర్ అని చేసారు. జేకబ్ స్నైడర్ అనే అమెరికన్ ఉపాయం అది. కల్నల్ బాక్సర్ చేసిన ఇత్తడి తూటా అందులో వేస్తే చింపేదీ లేదు దట్టించేదీ లేదు, నిమిషానికి పది దాకా పేల్చొచ్చు, పాత తుపాకీ పారెయ్యక్కర్లేదు.

మరి మన సిపాయిలకి ఇచ్చారా అంటే లేదు. 1857 తర్వాత వాళ్ళు గట్టిగా పెట్టుకున్న రూలు, ఇండియన్ సిపాయి చేతిలో ఎప్పుడూ తెల్ల సోల్జర్ కంటే ఒక తరం పాత తుపాకీయే ఉండాలి అని. 1868లో బొంబాయి నుంచి నేపియర్ సైన్యం అబిస్సీనియా (ఇప్పటి ఇథియోపియా) మీదకి వెళ్ళినప్పుడు ఇంగ్లీషు రెజిమెంట్ చేతిలో స్నైడర్, పక్కనే నడిచే మన సిపాయిల చేతిలో మూతి తుపాకీ. 1871లో ఇంగ్లీషు వాళ్ళు మార్టినీ హెన్రీకి మారాకే మనవాళ్ళకి స్నైడర్ దక్కింది, వాళ్ళు 1888 తర్వాత మ్యాగజీన్ ఉన్న లీ మెట్‌ఫోర్డ్‌కి మారాక మనవాళ్ళకి మార్టినీ. ఒకే యుద్ధంలో ఒకే ప్రాణానికి ఇద్దరికి రెండు రకాల తుపాకులు. నాకు ఈ విషయం చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

ఇక 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు, లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. ఆ తర్వాత సంగతి మన మన్యానికి వస్తే, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. తుపాకులతో పాటు తూటాలు లెక్కపెట్టి మరీ పట్టుకెళ్ళారు, మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు అని చెప్తారు. ఎందుకు తూటాలు అంత ముఖ్యం? నాటు తుపాకీకి కావాల్సిన మందు ఊళ్ళో ఎలాగో సమకూరుతుంది, రవ్వలు లేకపోతే ఇనప ముక్కలు వేస్తారు. పోలీసు తుపాకీ తూటా ఐతే ఫ్యాక్టరీలో తప్ప పుట్టదు, ఇత్తడి తొడుగు, క్యాప్, అన్నీ కొలత ప్రకారం. అది అయిపోతే చేతిలో ఉన్న తుపాకీ ఎంత మంచిదైనా కర్రే. దామనపల్లి ఘాట్‌లో సెప్టెంబర్ 24న ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లని, స్కాట్ కవర్డ్, హైటర్‌ని, పడగొట్టాక కూడా అవతలివాళ్ళకి వెనక నుంచి తూటాల పెట్టెలు వస్తూనే ఉన్నాయి, వీళ్ళకి మళ్ళీ ఎక్కడైనా స్టేషన్ మీద పడితేనే. బ్రీచ్ లోడర్ గొప్పతనం గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా చెప్పుకోవాలి, ఫ్యాక్టరీ ఎవరి చేతిలో ఉంటే బలం వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది. మూతి తుపాకీ రోజుల్లో రాజ్యానికీ కొండమీద మనిషికీ మధ్య తేడా ఇంత ఉండేది కాదు.

ట్వెల్వ్_బోర్:

ఆఖర్న ఒరిజినల్ పోస్టులో డీబీబీఎల్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. లైసెన్సుల్లో మూడు రకాలు కనబడతాయి, ఎస్‌బీఎంఎల్ అంటే ఒక గొట్టం మూతి నుంచి దట్టించేది, ఎస్‌బీబీఎల్ ఒక గొట్టం వెనక నుంచి, డీబీబీఎల్ రెండు గొట్టాలు వెనక నుంచి. 1959 ఆయుధాల చట్టంలో కూడా ఈ తేడా ఉంది, సెక్షన్ 13లో పంట కాపాడుకోవడానికి మూతి తుపాకీ, ఆత్మరక్షణకీ స్పోర్ట్‌కీ 20 అంగుళాలకి తగ్గని గొట్టం ఉన్న స్మూత్ బోర్ గన్ను అని విడివిడిగా రాసారు. అంటే రైతు చేతిలో ఇప్పటికీ చట్టప్రకారమే మూతి తుపాకీ ఉండొచ్చు. ట్వెల్వ్ బోర్ కొలత ఏంటంటే, ఒక పౌండు సీసంతో సమానంగా 12 గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత లావు. మీ మావయ్య గారి గన్ను లోపలి మెకానిజం చాలావరకు 1875లో బర్మింగ్‌హామ్‌లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు చేసిన బాక్స్‌లాక్ పద్ధతిదే అయ్యుంటుంది, గొట్టాలు వంచినప్పుడే లోపలి సుత్తులు ఎక్కుపెట్టబడతాయి, బయట గుర్రాలు (వేలితో లాగే సుత్తులు) కనబడవు. బయట గుర్రాలు ఉంటే పాత రకం.

ఒక రిక్వెస్ట్. ఏజెన్సీలో నాటు తుపాకీ పేలి వేళ్ళు పోయాయి, కన్ను పోయింది, పంది అనుకుని తోటి మనిషిని కొట్టారు అని పేపర్లో వస్తూనే ఉంటుంది. దాన్ని సంచిలోనో చూరులోనో నింపి ఉంచేస్తారు, ఖాళీ చెయ్యాలంటే పేల్చడం తప్ప సులువైన దారి లేదు, నింపి ఉందో లేదో చూస్తే తెలీదు. మీ అమ్మమ్మ గారి ఊళ్ళో ఎవరి దగ్గరైనా లైసెన్స్ లేనిది ఇంకా ఉంటే పోలీసులు తెచ్చివ్వమని పిలిచినప్పుడు ఇచ్చేయమని చెప్పండి, ఇంట్లో పిల్లలుంటే మరీను.

తాండవ_ఒడ్డు:

తప్పకుండా చెప్తానండీ. మావయ్య గన్నుకి బయట రెండు గుర్రాలు ఉన్నాయి, మీరన్న పాత రకమే అయ్యుండాలి, ఆయన మావయ్య నుంచి వచ్చిందట. దాంట్లో తూటాలు పెట్టి మూసాక కూడా గుర్రాలు వెనక్కి లాగితే తప్ప పేలదంటున్నారు, నిజమేనా?

ట్వెల్వ్_బోర్:

నిజమే, రెండిటినీ విడివిడిగా బొటనవేలితో లాగి ఎక్కుపెట్టాలి. ఐతే ఆ ధైర్యంతో తూటాలు లోపల ఉంచొద్దని చెప్పండి, పాతవాటిలో గుర్రం గట్టిగా దేనికైనా తగిలితే పిన్ను కదిలి పేలే అవకాశం ఉంటుంది. ఏడాదికోసారి లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కి చూపించి గొట్టాల మూత దగ్గర కీలు వదులైందేమో చెక్ చేయించమనండి. మూసినప్పుడు గొట్టాలకీ వెనక పలకకీ మధ్య వెలుతురు కనబడుతుంటే మాత్రం అది బాగుచేయించేదాకా పేల్చకూడదు.